గరికపాడు నుంచి కీసర దాకా ఒక సీరియస్ మాట

కర్నూలు నుంచి జగ్గయ్యపేటకు పనిగట్టుకుని ఎవరూ యాత్రకు వెళ్ళరు. కాశీ వెళ్తారు, షిర్డీ వెళ్తారు, డబ్బులు ఎక్కువైతే దుబాయి వెళ్తారు. నేను జగ్గయ్యపేట వెళ్తున్నానని సెలవు చీటీ ఇస్తే మా ఆసుపత్రి నర్సులు, "అక్కడేమైనా సంబంధం చూశారా మేడమ్?" అని అడిగారు. సంబంధం కాదు, మొక్కు. అది కూడా నాది కాదు, మా అత్తది.

అత్త అంటే మా నాన్నకు అక్క, ఓబులమ్మ. పేరు చూస్తేనే తెలుస్తుంది, మా ఇంట్లో అందరూ అహోబిలం నరసింహస్వామి ఖాతాలోని మనుషులమే. నేను ఎమర్జెన్సీ మెడిసిన్‌లో ఎండీ పాసైతే కృష్ణ ఒడ్డున వేదాద్రి నరసింహస్వామి దగ్గరికి వస్తానని అత్త మొక్కుకుందట. మన స్వామి ఉండగా అంత దూరం ఎందుకని అడిగాను.

"నీ పదో తరగతికి ఆయప్పకే మొక్కినా. ఎంసెట్‌కూ ఆయప్పకే మొక్కినా. ఎంబీబీఎస్‌లో నువ్వు తప్పినప్పుడు గూడా ఆయప్పకే. ఎన్నిసార్లని ఇబ్బంది పెడతాం? సిగ్గుండొద్దా?" అంది అత్త.

దేవుడి దగ్గర కూడా మొహమాటపడే మనిషి. నా దగ్గర మాత్రం ఆ మొహమాటం ఎప్పుడూ లేదు. అందుకే కార్తీకంలో నా సెలవులు నన్నడగకుండానే ఖర్చయిపోయాయి.

గరికపాడు

హైదరాబాదు బస్సు మమ్మల్ని గరికపాడులో దింపింది. అక్కడితో తెలంగాణ అయిపోయి ఆంధ్ర మొదలవుతుంది. చెక్‌పోస్టు, బారులు తీరిన లారీలు, ధాబాలు, దుమ్ము. అత్త బస్సు దిగి చుట్టూ వెతికింది.

"గీత యాడుందే?"

"సరిహద్దు గీత నేల మీద ఉండదత్తా. పటంలోనే ఉంటుంది."

దీనికోసమా ఇంత గొడవ జరిగింది అన్నట్టు చూసింది. కానీ సరిహద్దు నిజంగా ఎక్కడుందో ధాబాలోకి వెళ్ళగానే తెలిసింది. టీ తెచ్చినాయన "కూర్చోండమ్మా" అన్నాడు. రొట్టెలు తెచ్చినాయన "కూసోర్రి" అన్నాడు. అత్త ఇద్దరికీ కలిపి "కుచ్చుంటాంలే" అంది. ముగ్గురికీ ముగ్గురి మాటా అర్థమైంది.

మాకోసం కారు తెచ్చిన ఏసురత్నం గారు అప్పటికే అక్కడ మిరపకాయ బజ్జీలు తింటున్నారు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చెడని తెల్ల చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. జగ్గయ్యపేట పక్కన చిల్లకల్లు ఆయనది. సొంత కారే, వయసులో నాకంటే కొంచెం చిన్నదయి ఉంటుంది. బజ్జీలు పూర్తి చేసి, జేబులోంచి ఈనో పొట్లం తీసి, గ్లాసులో పోసి, పొంగు తగ్గకముందే గుటుక్కున తాగేశారు.

"గ్యాసండి" అన్నారు, మేమేదో అడిగినట్టు. "ఈ సంగతి మా ఆవిడకి చెప్పమాకండి మేడం. బజ్జీలు తిన్నానని తెలిస్తే సీరియస్ అయిద్ది."

చెప్పనని మాటిచ్చాను. ఆమెతో నాకేం పని అనుకున్నాను.

కారు కదిలాక అసలు ప్రశ్న వచ్చింది.

"ఏం డాక్టరండి మీరు?"

"ఎమర్జెన్సీ డాక్టర్నండి."

"అంటే గుండెకాండి, కిడ్నీకాండి?"

"అన్నిటికీ. ఏ జబ్బుతో వచ్చినా ముందు మా దగ్గరికే వస్తారు. మేం ప్రాణం నిలబెట్టి, తర్వాత ఆ జబ్బు చూసే డాక్టరుకు అప్పగిస్తాం."

ఏసురత్నం గారు రెండు లారీలు దాటేదాకా ఆలోచించారు.

"అర్థమైందండి. బస్టాండులో కంట్రోలర్ లాగా అన్నమాట. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకెళ్ళాలో మీరు చెప్తారు. నడిపేది వేరేవాళ్ళు."

మూడేళ్ళు నిద్ర మానుకుని చదివిన చదువు ఒక్క ముక్కలో తేలిపోయింది. కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ, ఆలోచిస్తే మరీ అబద్ధమేమీ కాదు. వెనక సీట్లో అత్త మాత్రం కిటికీ వైపు తిరిగి నవ్వుకుంటోంది.

జగ్గయ్యపేట

జగ్గయ్యపేటలో బస చేసిన చోట దిగీ దిగకముందే ఏసురత్నం గారు వీధి వీధంతా "మా డాక్టరమ్మ" అని చాటేశారు. పొద్దున్నే టిఫిన్ సెంటరులో కూర్చున్నామో లేదో, దాని యజమానురాలు ఇడ్లీలతో పాటు తన ఎడమ మోకాలు కూడా తెచ్చి నా ముందు పెట్టారు. ఆమె తర్వాత పాలవాడు, అతని తర్వాత ఎదురింటి మేష్టారు. అందరికీ నీరసమే. అందరూ కోరింది ఒకటే మందు.

"ఒక సెలైన్ ఎక్కిస్తే సరిపోద్దంటారాండి?"

సెలైన్ అంటే ఉప్పు కలిపిన నీళ్ళు. చేతిలో ఉన్న మజ్జిగ గ్లాసులో అంతకంటే ఎక్కువ సత్తువ ఉంది. ఆ మాటే చెప్పాను. మేష్టారు నా వైపు జాలిగా చూసి, "చిన్న వయసు కదండి" అని ఓదార్చారు. మా కర్నూల్లో అయితే "సూది ఏస్తావా ఎయ్యవా?" అని నిలదీస్తారు. ఇక్కడ అదే కోరికను "ఒక ఇంజక్షన్ చేయించుకోమంటారాండి?" అని నా సలహాలాగా నా చేతిలోనే పెడతారు. రెండు చోట్లా సూది పడాల్సిందే.

ఈ 'అండి' గురించి ఒక మాట చెప్పాలి. ఎదురుగా నాలుగు రోడ్ల సెంటరులో రెండు బండ్లు రాసుకున్నాయి. ఒకాయన దిగి రెండో ఆయన్ని, "మీకు బుద్ధుందాండి?" అని అడిగాడు. ఆయన కూడా ఏ మాత్రం తగ్గకుండా, "మీకుందాండి?" అన్నాడు. అత్త ఇడ్లీ నోట్లో పెట్టుకోవడం మరచిపోయి చూసింది. మా వైపు ఆ పాటికి చొక్కాలు పట్టుకునేవాళ్ళు. ఇంత మర్యాదగా తిట్టుకుంటే మా ఎమర్జెన్సీ వార్డుకు పని సగం తగ్గుతుంది.

తిండి సంగతి. ఇడ్లీ మీద కారప్పొడి చల్లి నెయ్యి పోస్తారు. రాయలసీమ వాళ్ళకు కారం కొత్తా అని అత్త ధీమాగా ఒక గరిటె అడిగి వేయించుకుంది. తర్వాత చెంబెడు నీళ్ళు తాగింది. "ఉగ్గాని లేకపాయె" అని మా సీమ బొరుగుల టిఫినును తలుచుకుని మాత్రం చివరికి అనగలిగింది. టీ మా ఊరికంటే ఐదు రూపాయలు ఎక్కువ, గ్లాసు మాత్రం చిన్నది. దీన్ని అత్త కర్నూలు చేరేదాకా మరచిపోలేదు.

వేదాద్రి

వేదాద్రిలో నరసింహస్వామి ఐదు రూపాల్లో ఉన్నాడు. ఈ విషయం మాకు పూజారి గారికంటే ముందు ఏసురత్నం గారే చెప్పారు. ఒక రూపం కొండ మీద, ఒకటి కృష్ణలో సాలగ్రామంగా, ఇలా ఎక్కడెక్కడో వేలెత్తి చూపిస్తూ స్థలపురాణమంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశారు.

"మీరు చర్చికి పోతారంటిరే?" అంది అత్త.

"చర్చి మాదండి. స్వామి మా ఊళ్ళవైపోడండి" అన్నారాయన.

అత్తకు ఆ జవాబు బాగా నచ్చింది. అహోబిలంలో తొమ్మిదిమంది నరసింహులు, తొమ్మిదిమందీ తలా ఒక కొండ ఎక్కి కూర్చున్నారు. ఇక్కడ ఐదుగురే, ఒక్క పూటలో దర్శనం అయిపోతుంది. "ఈ స్వామికి ముసిలోళ్ళ మీద దయ ఎక్కువ" అని తేల్చింది.

మొక్కు తీరి మెట్లు దిగుతుండగా ఒకావిడ ఉపవాసంతో కళ్ళు తిరిగి పడిపోయింది. నేను ఇద్దర్ని దాటుకుని వెళ్ళేలోపు వైద్యం మొదలైపోయింది. ఒకరు తాళాల గుత్తి చేతిలో పెట్టి పిడికిలి మూశారు, ఒకరు ఉల్లిపాయ ముక్క వాసన చూపిస్తున్నారు, ఇంకొకరు కూర్చోబెట్టి సోడా తాగించబోతున్నారు. "పడుకోబెట్టండి, కాళ్ళు పైకెత్తండి" అని నేను మూడుసార్లు అరిచాను. ఎవరూ వినలేదు. అప్పుడు ఏసురత్నం గారు వెనక నుంచి, "జరగండహే! ఎండీ డాక్టరమ్మ అండి!" అని ఒక్క కేక వేశారు. దారి వచ్చేసింది. పడుకోబెట్టి కాళ్ళెత్తగానే ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చూసి అడిగిన మొదటి మాట, "సెలైన్ పెడతావా అమ్మా?"

"కాళ్ళెత్తితే మనిషి లేచిందండి!" అని ఏసురత్నం గారు జగ్గయ్యపేట దాకా చెబుతూనే ఉన్నారు. అత్త కూడా ఈ విద్యను మనసులో పెట్టుకుంది. దాని ఫలితం తర్వాత అనుభవించాం.

హైవే మీద

విజయవాడలో సాయంత్రం రైలు. భోజనం చేసి బయల్దేరాం. రెండు రోజులుగా ఒక్క క్షణం నోరు మూయని ఏసురత్నం గారు నందిగామ దగ్గరపడుతుండగా మాట్లాడటం మానేశారు. ముందు నేను సంతోషించాను. తర్వాత ఆయన కాలరు చూశాను. ఏసీ వేసిన కారులో ఆ తెల్ల చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

"ఏమైందండి?"

"గ్యాసండి. ఒక సోడా తాగితే పోద్ది" అంటూ కారు పక్కకు తీసి ఆపారు. పిడికిలి బిగించి రొమ్ము మధ్య పెట్టుకున్నారు.

ఆ పిడికిలిని నేను రోజూ చూస్తాను. గ్యాస్ అని వచ్చినవాళ్ళు పొట్ట మీద చెయ్యేసుకుంటే నాకు అంత భయం వెయ్యదు. మాట్లాడకుండా పిడికిలి రొమ్ము మీద పెట్టుకుంటే మాత్రం నా కాళ్ళు వాటంతటవే పరిగెత్తుతాయి. మన దేశంలో గుండె జబ్బుకు ముద్దుపేరు గ్యాస్. ఆ పేరుతో పిలుచుకుంటూ ఇంట్లో కూర్చున్నవాళ్ళు మా దగ్గరికి ఆలస్యంగా వస్తారు. కొందరు అసలు రారు.

నాడి పట్టుకున్నాను. సన్నగా, నెమ్మదిగా ఉంది. ఆంబులెన్సుకు ఫోన్ చేస్తే, అది వచ్చేలోపు మేమే నందిగామ చేరతామని తేలింది. అత్త బీపీ బిళ్ళల పెట్టెలో ఆస్పిరిన్ ఉంది. నమలమని ఇచ్చాను. ఈనోతో వేసుకుంటానన్నారు. నమలమని గట్టిగా అరిచాను.

ఇక కారు ఎవరు నడపాలి? నాకు లైసెన్సు ఉంది, నడపడం రాదు. ఈ రెండింటికీ సంబంధం లేదని మీకూ తెలుసు. ఏసురత్నం గారిని వెనక సీట్లో ఆనించి కూర్చోబెట్టి, స్టీరింగు ముందు కూర్చుని, అహోబిలం స్వామిని, వేదాద్రి స్వామిని ఇద్దర్నీ తలుచుకున్నాను. కారు ఒక గెంతు గెంతి ఆగింది. మళ్ళీ గెంతింది. కదిలింది.

"సెకండ్... సెకండ్ ఎయ్యండి మేడం" అని వెనక నుంచి మూలుగు. "క్లచ్చి పూర్తిగా తొక్కండి... కాలిపోద్దండి!"

"మీరు మాట్లాడకూడదు!"

"మీరు క్లచ్చి తొక్కితే నేనెందుకు మాట్లాడతానండి?"

అంతలో వెనక ఏదో పెనుగులాట. అద్దంలో చూస్తే ఏసురత్నం గారి రెండు పాదాలు కనిపించాయి. అత్త వాటిని పట్టుకుని కారు పైకప్పుకు ఆనించబోతోంది.

"అత్తా! వదులు! అది కళ్ళు తిరిగినోళ్ళకు! ఇది గుండె!"

"నువ్వే గదే పొద్దున ఎత్తమంటివి! పూటకో మాట చెప్తాండావు, ఏం డాక్టరువే నువ్వు!"

హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా, సెకండ్ గేరులోనే, నందిగామలో మొదట కనిపించిన ఆసుపత్రి గేటు లోపలికి తీసుకెళ్ళి, కారు ఆపాను. ఆపాను అనడం కంటే అదే ఆగింది అనడం న్యాయం.

నందిగామ

ఈసీజీ తీశారు. పెద్ద గుండెపోటే. మా ఆసుపత్రిలో అయితే ఆ కాగితం చూడగానే నోటికి ఆదేశాలు వచ్చేస్తాయి. ఇక్కడ నేను అతిథిని, రెండు రోజులు నాతో కబుర్లు చెప్పిన మనిషి మంచం మీద ఉన్నాడు. డ్యూటీలో ఉన్న డాక్టరు నెమ్మదస్తుడు, నేనెవరో తెలిశాక పక్కనే నిలబడనిచ్చాడు. చొక్కా కత్తిరించి తీసేశారు. రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ ఇచ్చారు. ఆ తర్వాత చెయ్యగలిగింది ఎదురు చూడటమే. కాసేపటికి ఆయన పిడికిలి విడింది. మొహం మీద చెమట ఆరింది. నొప్పి తగ్గించడానికి ఇచ్చిన మందుకు కళ్ళు మూతలు పడుతుండగా నా చెయ్యి పట్టుకున్నారు.

"మా ఆవిడకి మీరే చెప్పండి మేడం. నిదానంగా చెప్పండి. సువార్త కంగారు మనిషండి."

అది నాకు కొట్టిన పిండి అనుకున్నాను. రోగి బంధువులతో ఎలా మాట్లాడాలో మాకు పాఠాలు చెబుతారు. గొంతు తగ్గించాలి, చిన్న చిన్న వాక్యాలు వాడాలి, భరోసా ఇవ్వాలి. ఆ విషయంలో నాకు మంచి పేరు కూడా ఉంది. ఆయన ఫోనులోంచే సువార్త గారికి చేశాను.

"నమస్తే అండి. నేను డాక్టర్ని. ఏసురత్నం గారితో నందిగామ ఆసుపత్రిలో ఉన్నాను. మీరు కంగారు పడకండి. ఆయనకు కొంచెం సీరియస్‌గా ఉంది."

అవతల ఏదో గిన్నె కిందపడ్డ చప్పుడు.

"ఎప్పుడమ్మా?" అంది ఆమె.

"మధ్యాహ్నం. కారు నడుపుతుండగా గుండెపోటు వచ్చింది."

"బాగా బాధపడ్డారా?"

"మొదట కాసేపండి. ఇప్పుడు ఏ బాధా లేదు. ప్రశాంతంగా నిద్రపోతున్నారు."

అవతల పొయ్యి కట్టేసిన చప్పుడు.

"మీరు తీసుకొచ్చేస్తారా, మమ్మల్ని రమ్మంటారా?"

"మీరే రండి. కొన్ని సంతకాలున్నాయి. ఒంటరిగా మాత్రం రాకండి, పెద్దవాళ్ళనెవరినైనా తోడు తెచ్చుకోండి. ఇంకోటి, ఆయన చొక్కా కత్తిరించాల్సి వచ్చింది. ఒక జత బట్టలు తీసుకురండి."

"అలాగే తల్లీ" అంది. ఫోను పెట్టేసింది.

ఎంత ధైర్యమున్న మనిషి, ఈవిణ్ణా కంగారు మనిషి అంటారు అనుకుంటూ వెనక్కి తిరిగాను. అత్త నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది.

"ఏమే, ఆయప్ప బతికే ఉండాడు గదా?"

"ఉన్నాడు కదత్తా, అదుగో గురక."

"మరి అట్ల చెప్తివేమే? మీ తాత పోయినప్పుడు మీ నాయనకు హాస్టలుకు ఏమని ఫోన్ చేసినారు? సీరియస్‌గా ఉంది రమ్మనే గదా? మీ అవ్వప్పుడూ అంతే గదా? పోయినారని ఫోన్లో ఎవురన్నా చెప్తారా?"

నిజమే. పుట్టినప్పట్నుంచీ తెలిసిన సంగతే. దూరాన ఉన్నవాళ్ళకు సీరియస్ అని చెబితే, ఆ మనిషి అప్పటికే పోయాడని అర్థం. కంగారు పడొద్దంటే ఖాయం. ఒంటరిగా రావొద్దంటే ఇక అనుమానమే లేదు. తెల్లకోటు తొడుక్కున్నాక ఆ మాట నాకు రోగి పరిస్థితి చెప్పే మాటగా మిగిలిపోయింది. మా వార్డులో అయితే చుట్టాలు మంచం పక్కనే నిలబడి మనిషిని చూస్తుంటారు కాబట్టి ఎన్నిసార్లన్నా గొడవ లేదు.

సెలైన్ సీసా మారుస్తున్న నర్సు అప్పటిదాకా ఆపుకుని ఉన్నట్టుంది. మెల్లగా అంది, "మేడం, ఇంకోటండి. వాళ్ళు చర్చివాళ్ళు కదా, మేమూ అంతేనండి. మాలో చనిపోయినవాళ్ళని ప్రభువునందు నిద్రించారంటామండి. మీరు ప్రశాంతంగా నిద్రపోతున్నారన్నారు."

వెంటనే సువార్త గారికి మళ్ళీ ఫోను చేశాను. బిజీ. మళ్ళీ బిజీ. చిల్లకల్లులో ఆ కబురు ఎన్ని ఇళ్ళకు వెళ్తోందో నాకు కళ్ళకు కట్టింది. ఆయన అడిగిందల్లా నిదానంగా చెప్పమని. నేను ఆయన్ని నిదానంగా చంపేశాను. ఆవిడకేమన్నా అయితే? ఈ ఒక్క మంచం చాలదన్నట్టు రెండో మంచం నేనే సిద్ధం చేస్తున్నానేమోనని నిజంగా భయం వేసింది.

చివరికి అటునుంచే ఫోన్ వచ్చింది. సువార్త గారి తమ్ముడు ప్రసాద్.

"మీ బావగారు బతికే ఉన్నారండి!" అని అరిచాను.

"అలాగే చెప్పండి మేడం. అక్క అడిగితే అలాగే చెప్పండి" అన్నాడు బొంగురు గొంతుతో.

"అయ్యో, నిజంగానే బతికున్నారు!"

"మగోణ్ణండి, నాకు చెప్పినా ఫర్లేదు. తట్టుకుంటాను. అక్కకి తెలియనివ్వమాకండి. వచ్చేస్తున్నాం." పెట్టేశాడు.

తెలుగులో బతికున్నాడని చెప్పడానికి ఇంకే మాటా మిగల్లేదు. మంచం మీది మనిషిని లేపి మాట్లాడిద్దామంటే, ఆ గుండెను ఇప్పుడు కదిలించకూడదు. ప్రాణానికి నిద్ర కావాలి, ఆ ప్రాణం ఉందని చెప్పడానికి నిద్ర లేపాలి. అత్త తలుపు దగ్గర ఒక కుర్చీ, చెంబుతో నీళ్ళు సిద్ధంగా పెట్టుకుంది. "ఆయమ్మ పడితే కాళ్ళెత్తొచ్చునా?" అని నన్ను ముందే అడిగి పెట్టుకుంది. ఎత్తొచ్చన్నాను.

వచ్చారు. ఒక వ్యాను నిండా తెల్ల చీరలు. పాస్టరు గారు, చర్చిలో పాటలు పాడేవాళ్ళు, ఒక డోలకు. వ్యాను దిగుతూనే పాట అందుకున్నారు. ప్రసాద్ చంకలో పొడుగ్గా చుట్టిన ఫ్లెక్సీ. దారిలోనే ఫోటో పంపి నందిగామలో ప్రింటు చేయించాడట. ఏ ఊరి ఫ్లెక్సీ షాపూ ఇంత వేగంగా పనిచెయ్యడం నేను చూడలేదు. అందరికంటే ముందు, ఇస్త్రీ మడతల కొత్త తెల్ల పంచె చొక్కా గుండెలకు హత్తుకుని, సువార్త గారు నడిచి వస్తున్నారు. ఏడవడం లేదు. నడుస్తున్నారంతే.

నేను అడ్డం వెళ్ళి చేతులు పట్టుకుని, ఏమీ చెప్పకుండా, ఏది చెప్పినా ప్రమాదమే కనుక, ఆవిణ్ణి లోపలికి లాక్కుపోయాను.

బయట పాటకు ఏసురత్నం గారికి మెలకువ వచ్చేసింది. తల కొంచెం ఎత్తి, భార్య చేతిలో తెల్ల బట్టలు చూసి, జాలిగా అడిగారు.

"ఎవరు పోయారే?"

సువార్త గారు ఆ మంచం దగ్గర నేల మీద కూలబడ్డారు. అత్త చెంబు తీసుకుని పరిగెత్తింది గానీ అవసరం పడలేదు. ఆవిడ భర్త రెండు కాళ్ళూ పట్టుకుని, వాటి మీద తలపెట్టి, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఏడ్చారు. నేనూ ఏడ్చాను. డ్యూటీ డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఆవిడ లేచి, కళ్ళు తుడుచుకుని, కొత్త చొక్కాతో ఆయన్ని మోకాలి మీద ఒకటి కొట్టారు.

"గ్యాసా? గ్యాసా నీకు? ఎన్నాళ్ళనుంచి చెప్తున్నా చూపించుకోమని! బజ్జీలు తిన్నావా లేదా?"

ఆయన భయంగా నా వైపు చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అప్పుడావిడ నా వైపు తిరిగారు.

"బతికున్న మనిషిని నిద్రపోతున్నాడంటావేంటమ్మా నువ్వు?"

చేతులు జోడించాను. ఆవిడ నా చేతులు విడదీసి, వాటిని తన కళ్ళకు అద్దుకున్నారు.

పాస్టరు గారు లోపలికి తొంగిచూసి, పరిస్థితి గ్రహించి, వరండాలోకి వెళ్ళి ఏదో చెప్పారు. పాట ఆగింది. ఒక్క నిమిషం గుసగుసలు. తర్వాత అదే డోలకు, ఇంకో పాట. ఇది హుషారుగా ఉంది. పక్క వార్డులో రోగి ఒకాయన చప్పట్లు కలిపాడు.

ఏసురత్నం గారు ఫ్లెక్సీ విప్పించుకుని చూశారు. చర్చివాళ్ళు చావు కబురుకు రాసే 'మహిమ ప్రవేశం' అన్న పెద్ద అక్షరాల కింద తన మొహం.

"ఏంట్రా ప్రసాదూ, ఆధార్ కార్డు ఫోటో వేయించావు? పెళ్ళినాటి ఫోటో దొరకలేదా?"

"టైము లేదు బావా" అన్నాడు ప్రసాద్ తప్పు చేసినవాడిలా.

"సర్లే, జాగ్రత్తగా మడత పెట్టు. మిరపకాయలు ఆరబోసుకోడానికి పనికొచ్చిద్ది."

కీసర

అదే సాయంత్రం గుండె రక్తనాళాల పరీక్షకు ఆయన్ని విజయవాడ తరలించారు. ఆంబులెన్సులో నేను, సువార్త గారు. వెనక ఏసురత్నం గారి కారు, ప్రసాద్ నడుపుతుంటే పక్కన అత్త. దాని వెనక తెల్ల చీరల వ్యాను, పాట ఆపకుండా.

కీసర టోల్‌గేటు దగ్గర ఆంబులెన్సు కాస్త నెమ్మదించింది. పక్క వరుసలో స్కూటరు మీద వెళ్తున్న పెద్దాయన మా వరుసను చూసి, బండి ఆపి, హెల్మెట్ తీసి, కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. స్ట్రెచరు మీద తల ఎత్తి పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్న ఏసురత్నం గారు, ఎవరు దండం పెట్టినా తిరిగి పెట్టే మర్యాద గల మనిషి కదా, రెండు చేతులూ జోడించారు. సరిగ్గా అప్పుడే పెద్దాయన కళ్ళు తెరిచాడు. ఆ తర్వాత ఏం జరిగిందో చూడలేదు, మా బండి కదిలిపోయింది. ఆయన క్షేమంగానే ఇల్లు చేరి ఉంటాడని నమ్ముతున్నాను.

విజయవాడలో స్టెంటు వేశారు. మా రైలు వెళ్ళిపోయింది. సెలవు పొడిగించడానికి అత్త మా ఆసుపత్రికి ఫోన్ చెయ్యబోతుంటే, ఏ మాట అంటుందోనని ఫోను లాక్కున్నాను.

కర్నూలు

మిరపకాయలు కళ్ళాల్లోకి వచ్చే రోజుల్లో, వార్డులో డ్యూటీలో ఉండగా ఫోను మోగింది.

"డాక్టరమ్మా, నేను సువార్తని."

"చెప్పండి, ఎలా ఉన్నారు?"

"ఏం చెప్పమంటావమ్మా. ఆయన సీరియస్‌గా ఉన్నారు."

పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను.

"ఎప్పట్నుంచండి?"

"పొద్దుట్నుంచి."

"మాట్లాడుతున్నారా?"

"మాటా పలుకూ లేదు. గోడవైపు తిరిగి పడుకున్నారు. అన్నం కూడా ముట్టలేదు."

"ఊపిరి? ఊపిరెలా ఉంది?"

"బుసలు కొడుతున్నారమ్మా."

"వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి! ఆంబులెన్సు..."

"ఆసుపత్రెందుకమ్మా? బజ్జీ తినొద్దన్నానని నా మీద సీరియస్సు. నువ్వు చెబితే వింటారని చేశా."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అంతలో వెనక నుంచి ఆ గొంతు, నందిగామ దాకా నన్ను నడిపించిన గొంతు, "ఎవరే, డాక్టరమ్మా? ఇటియ్యి!" అంది. ఫోను చేతులు మారింది.

"మేడం! బజ్జీ సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు నా క్లచ్చి సంగతి తేల్చండి! ప్లేటుతో సహా మొత్తం మార్పించానండి మీ దెబ్బకి! సెకండ్ ఎయ్యమని చెప్పానా లేదా? చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా అండి?"

అలా ఎంతసేపు తిట్టారో తెలీదు. ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని ఒక్క మాట పోకుండా విన్నాను. నా మొహం చూసి మా నర్సు దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"ఎవరికైనా సీరియస్సా మేడమ్?"

"చాలా సీరియస్" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "బాగా తిడుతున్నాడు."